పాదానికి తగిన పాట

లయా, నీకు దండం.

కంటికి కనిపించవు, చేతికి చిక్కవు. అయినా నువ్వు లేనిచోట నడక తడబడుతుంది, ఊపిరి చెదిరిపోతుంది, పాట ఒట్టి మాటల కుప్పగా మిగిలిపోతుంది. శ్రుతి తల్లి, లయ తండ్రి అని మన సంగీతం నిన్ను కొలిచింది. తల్లి ఒడిలోకి తీసుకుంటుంది. తండ్రి వేలు అందించి వీధిలోకి నడిపిస్తాడు. పొద్దున్నే బూట్లు బిగించుకుని పరుగుకు బయల్దేరిన ప్రతి మనిషికీ నువ్వు వేలందించే తండ్రివి.

గొంతును పొగిడినవాళ్లు ఉన్నారు. రాగాన్ని పొగిడినవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. నేను పొగడబోయేది కాలప్రమాణాన్ని. పాట నిమిషానికి ఎన్ని దరువులు వేస్తుంది, మనిషి నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తాడు అనే రెండు లెక్కలు ఒకదానిలో ఒకటి ఒదిగిపోయే శుభముహూర్తాన్ని. ఆ ముహూర్తం కుదిరిన రోజు దూరం బరువనిపించదు. కాలు తానుగా లేస్తుంది, తానుగా వాలుతుంది. మనిషి తన పరుగును తానే వింటూ ముందుకు సాగిపోతాడు.

చెవిలో పాట పెట్టుకుని పరుగెత్తడం ఈ కాలపు ముచ్చటలా కనిపిస్తుంది. నిజమే, సోనీ కంపెనీ వాక్‌మన్ 1979లో బజారుకొచ్చాకే పాట మనిషి నడుముకు చేరి అతనితోపాటు ఊరు తిరిగింది. కానీ ఒంటి కష్టాన్ని పాటకు అప్పజెప్పడం మన తాతమ్మలకు బాగా తెలిసిన విద్య. ఒకే రోట్లో ఇద్దరు చెరో రోకలి పట్టి వడ్లు దంచేవారు. ఒకటి లేస్తుంటే ఒకటి పడాలి. రెప్పపాటు తేడా వచ్చినా రోకలికి రోకలి తగిలి చేతులు జిల్లుమంటాయి. ఆ రెప్పపాటుకు కాపలా కాసింది దంపుళ్ల పాట. పరుగెత్తే మనిషి రెండు కాళ్లూ ఆ రెండు రోకళ్లే, రోలు మాత్రం నేలంతా పరుచుకుంది.

ఏతం తొక్కిన కాలికి నువ్వే ఊతం. వంగి నాటు వేసే నడుములకు నువ్వే ఓదార్పు. పల్లకీ మోసే బోయీల నాలుగు భుజాలను ఒక్క భుజంగా చేసిన కూత నీది. ఒడ్డున నిలబడి పెద్దవల లాగే జాలరుల హైలెస్సాలో ఉన్న బలమూ నీదే. పదిమంది పది క్షణాల్లో లాగితే వల కదలదు. పదిమందీ ఒక్క క్షణంలో లాగితే సముద్రం వలను వదులుతుంది. ఆ ఒక్క క్షణాన్ని పదిమందికీ సమానంగా పంచిపెట్టేది నువ్వే.

ఇంతకీ మా ఒంట్లోకి ఎలా దిగుతావు నువ్వు? చెవి విన్నది మెదడుకు చేరుతుంది. అక్కడ వినే భాగానికీ కదిలించే భాగానికీ మధ్య దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కదలకుండా కూర్చుని దరువు వింటున్నా సరే, కాళ్లనూ చేతులనూ ఆడించే భాగాలు లోపల మేలుకుంటాయి. కచేరీలో వెనక వరసలో కూర్చున్న పెద్దాయన చెయ్యి ఆయనకు తెలియకుండానే తొడమీద తాళం వేయడం అందుకే. అంతకన్నా వింత ఇంకొకటుంది. దరువు విన్నాక మనం అడుగు వేయం. అది పడబోయే చోటును ముందే పసిగట్టి, సరిగ్గా ఆ చోట కాలు దించుతాం. రాబోయే దరువు మీద అంత నమ్మకం. మాట తప్పని వాడివి కాబట్టే నీ మీద ఆ నమ్మకం.

ప్రాణం లేని వస్తువులకూ నీ మహిమ తెలుసు. 1665లో హాలండ్ శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ ఒకే కొయ్యకు వేలాడదీసిన రెండు లోలకాల గడియారాలను గమనించాడు. ఎలా మొదలుపెట్టినా కాసేపటికి రెండూ ఒకే కాలంలోకి వచ్చి, ఒకటి అటు వెళితే ఒకటి ఇటు వెళుతూ, ఎదురెదురుగా ఊగసాగాయి. కొయ్యలోంచి ఒకదాని సన్నని కదలిక ఇంకొకదానికి చేరడమే కారణం. ఒకటి అటు, ఒకటి ఇటు. మన కాళ్లకూ అదే పాఠం చెప్పావు.

విశాఖపట్నం బీచ్‌రోడ్డు మీద తెల్లవారుజామున కొంతమేర బండ్లను రానివ్వరు. ఆ కాసేపూ రోడ్డు పాదాలదే. కాళీమాత గుడి ముందు, కురుసుర జలాంతర్గామి పక్కన ఎన్నెన్ని అడుగులో. రిటైరైన మాస్టారి వడివడి నడక. ఈ ఏడు హాఫ్ మారథాన్ పూర్తి చేసి తీరాలని పట్టుబట్టిన బ్యాంకు ఉద్యోగిని చిన్న చిన్న అడుగులు. నేవీ కుర్రాళ్ల పొడుగాటి అంగలు. పక్కన బంగాళాఖాతం తన తాళం తాను వేసుకుంటూ ఉంటుంది. దాని ఆవర్తం ఎవరి కాలికీ అందనంత పెద్దది. ఒకే రోడ్డు, ఒకే ఉప్పుగాలి, ఎవరి చెవిలో పాట వారిది, ఎవరి కాలప్రమాణం వారిది. వీటిలో ఏదీ తప్పు కాదు. లయా, నువ్వు అందరికీ ఒక్కడివే, అయినా ఎవరికి వారికి సొంతంగా అందుతావు.

అందుకే పాటను వెతికే ముందు అడుగును వెతకాలి. ఈ స్తుతిలో నేను చెప్పదలచిన మాట ఇదొక్కటే. నచ్చిన పాట పెట్టుకుని కాలును దాని వెనక ఈడ్చుకుపోతే కాలూ అలుస్తుంది, పాటా విసుగొస్తుంది. కాలు ఏ కాలంలో నడుస్తోందో ముందు వినాలి. ఆ కాలంలో పుట్టిన పాటను తెచ్చి దానికి తోడివ్వాలి.

వినడం తేలికే. పది నిమిషాలు పరుగెత్తి ఒళ్లు కుదుటపడ్డాక, చెవిలో ఏమీ లేకుండా, కుడికాలు నేలను తాకినప్పుడల్లా ఒకటి, రెండు, మూడు అని ముప్పై సెకన్లు లెక్కపెట్టాలి. వచ్చినదాన్ని నాలుగుతో హెచ్చవేస్తే అదే నిమిషానికి పడే అడుగుల సంఖ్య. నలభై రెండు వస్తే 168. రన్నర్లు దీన్ని కేడెన్స్ అంటారు. చేతి వాచీలు కూడా ఇప్పుడు ఈ లెక్క చెప్పేస్తున్నాయి. అయినా ఒక్కసారి నోటితో లెక్కపెట్టుకోవాలి. ఇన్నేళ్లు మోసిన పాదం చప్పుడును చెవి మొదటిసారి శ్రద్ధగా వినే పూట అది.

పాటకూ ఇలాంటి లెక్కే ఉంది. నిమిషానికి పడే దరువులు, బీపీఎం. 1815లో యోహాన్ మెల్‌జెల్ మెట్రోనోమ్‌కు పేటెంటు తీసుకున్నప్పటి నుంచి పడమటి సంగీతజ్ఞులు కాగితం మీద రాసుకుంటున్న అంకె ఇది. ఈనాడు ఫోన్లో యాప్ తెరిచి, దరువు పడినప్పుడల్లా వేలితో తడితే చాలు, అంకె తేలుతుంది.

168 అడుగులకు 168 దరువుల పాటే కావాలని నువ్వు పట్టుబట్టవు. అది నీ దయ. 84 దరువుల పాట దొరికిందా, ఒక్కో దరువుకు రెండడుగులు. సరళీ వరుసలు నేర్చుకున్న పిల్లలందరికీ ఈ రహస్యం తెలుసు. తాళం వేసే చెయ్యి మారదు, రెండో కాలంలో స్వరాలు మాత్రం రెట్టింపు నడుస్తాయి. అందుకే నెమ్మదిగా అనిపించే మెలోడీ ఒక్కోసారి చక్కని పరుగుపాట అవుతుంది. గొంతు నింపాదిగా సాగుతుంటే దాని కింద పాదాలు రెండో కాలంలో ఉరుకుతాయి. పైన ప్రశాంతం, కింద చురుకు. దూరం పరుగెత్తేవాళ్లకు కావలసిన మనసూ ఒళ్లూ సరిగ్గా అలాంటివే.

ఇక 112 దరువుల పాట దొరికితే రెండు దరువులకు మూడడుగులు. ఇది తిస్రం తెచ్చే చమత్కారం. ఆరు మాత్రలను మూడేసిగా విడదీస్తే రెండు దరువులు, రెండేసిగా విడదీస్తే మూడడుగులు. రెండూ ఒకేచోట బయల్దేరి ఒకేచోట కలుస్తాయి. ఈ తిస్రం మన నేలకు ఎంత దగ్గరిదో డప్పు విన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. కీరవాణి స్వరపరచి, చంద్రబోస్ రాసి, 2023లో ఆస్కార్ అందుకున్న ‘నాటు నాటు’ ఆ ఆరు మాత్రల నడకలోనే ఉరకలేసింది.

చతురస్రంలో నాలుగడుగులకోసారి బరువైన దరువు వస్తుంది. అది ప్రతిసారీ ఒకే కాలి మీద పడుతుంది. మూడడుగుల ఆవర్తమైతే ఆ బరువు ఒకసారి కుడికాలిది, ఇంకోసారి ఎడమకాలిది. ఐదడుగుల ఖండమైనా అంతే. ఊపిరిని అడుగులతో ముడివేసే రన్నర్లు కొందరు మూడడుగులు పీల్చి రెండడుగులు వదులుతారు. ఆ ఐదు పూర్తయిన ప్రతిసారీ ఊపిరి వదిలే కాలు మారుతుంది. తెలియకుండానే వాళ్లు ఖండగతిలో ఊపిరి తీస్తున్నారు. లయా, ముక్కుకూ పాదానికీ మధ్య కూడా నీ తాళమే నడుస్తోంది.

180 అనే అంకెకు రన్నర్లు దాదాపు గుడి కట్టారు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ పోటీదారుల అడుగులు లెక్కపెట్టాడు. దూరం పరుగెత్తేవాళ్లలో ఇంచుమించు అందరూ నిమిషానికి 180, అంతకు పైనే వేస్తున్నారని గమనించాడు. గొప్ప గమనికే. అయితే వాళ్లు ఒలింపిక్ పందెంలో ప్రాణం పెట్టి పరుగెత్తుతున్నవాళ్లు. పొడుగుకాళ్ల మనిషి, తీరికగా సాగే మనిషి, యాభై దాటాక మొదలుపెట్టిన మనిషి 160 దగ్గరో 165 దగ్గరో హాయిగా ఉంటే ఆ హాయిని గౌరవించాలి.

అడుగును మరీ చాచి, మడమను ఒంటికి ఎక్కడో ముందు దించి, మోకాళ్లకు పని పెంచుకునేవాళ్లకు మాత్రం కాస్త వడి మేలు చేస్తుంది. అమెరికాలో బ్రయాన్ హైడర్‌షైట్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో, రన్నర్లు తమ సహజమైన అడుగుల లెక్కను ఐదు నుంచి పది శాతం పెంచినప్పుడు మోకాలి మీదా తుంటి మీదా పడే భారం తగ్గింది. 160 వేసేవాళ్లకు ఐదు శాతమంటే ఎనిమిది అడుగులు. ఆ ఎనిమిదీ ఒక్క పూటలో బలవంతాన రావు. 164 దరువుల పాటలతో కొన్ని వారాలు, 168 దరువుల పాటలతో ఇంకొన్ని వారాలు పరుగెత్తితే కాలు ఎప్పుడు మారిందో కాలికే తెలియదు. పాట వేగం పిసరంత మారితే కాలు అడగకుండానే వెంట వెళుతుంది. మరీ ఎక్కువ మారితే పాటను వదిలేసి తన పాత నడకకు తిరిగిపోతుంది. కాలికీ ఆత్మాభిమానం ఉంది. దాన్ని నొప్పించకుండా దారి మార్చగల మెత్తని గురువువి నువ్వు.

పాటలు వరసపెట్టడంలో మన కచేరీ పద్ధతి ఎంత తెలివైనదో పరుగెత్తి చూస్తే తెలుస్తుంది. విద్వాంసుడు వేదిక ఎక్కగానే పెద్ద పల్లవి ఎత్తుకోడు. వర్ణంతో గొంతును మేలుకొలుపుతాడు, మధ్యమకాల కృతులతో సభను దగ్గరకు తీసుకుంటాడు, ప్రధానమైన కృతి దగ్గర కూడదీసుకున్న బలమంతా విప్పుతాడు, తిల్లానాతో చురుకు పుట్టించి మంగళంతో దిగుతాడు. పరుగుకూ ఆ వరసే కావాలి. మొదట వేగంగా నడిచే కాసేపూ 115 నుంచి 120 దరువుల పాటలు. మనిషి మామూలు నడక కూడా నిమిషానికి ఇంచుమించు అన్ని అడుగులే కాబట్టి ఒళ్లు ఎదురు చెప్పదు. తర్వాత సొంత అడుగు లెక్కకు సరిపోయే పాటలు వరసగా, ఒకే కాలప్రమాణంలో. చివరి కిలోమీటరుకు ఒకటో రెండో పాటలు నాలుగైదు దరువులు హెచ్చుగా. ఆపైన దిగుడు పాటలు, నడకకు తిరిగి తెచ్చేవి. నేరుగా పైకాలంలో మొదలుపెట్టిన పరుగుకు మధ్యలో ఊపిరి చాలదు, మంగళం లేకుండా ఆగిన పరుగు ఒంట్లో గజిబిజిగా మిగులుతుంది.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఘంటసాల కాలపు పాటలో వాద్యబృందమంతా ఒకేచోట కూర్చుని వాయించేది. వాళ్ల కాలప్రమాణం చరణంలో పిసరంత సాగుతుంది, ముక్తాయింపులో పిసరంత ముడుచుకుంటుంది. అది ప్రాణమున్న సంగీతపు అందం. కాలు మాత్రం ఆ సాగుడుకు ఒక్కోసారి తడుముకుంటుంది. కంప్యూటర్ మీద కట్టిన ఇప్పటి దరువు మొదటి నుంచి చివరిదాకా వెంట్రుకవాసి కదలదు. సమంగా సాగే పరుగుకు ఈ దరువు నమ్మకమైన తోడు. పాత పాటను నడకకూ దిగుడుకూ దాచుకోవాలి. అక్కడ కాలికి తొందర ఉండదు, మనసుకు తీరిక ఉంటుంది.

అంకె ఒక్కటీ కుదిరితే సరిపోతుందా? సరిపోదు. దరువు స్పష్టంగా వినిపించాలి, పాట మనిషికి ఆప్తంగా ఉండాలి. అమ్మ వంటింట్లో పాడుకున్న పాట, కాలేజీ బస్సులో అందరూ కలిసి అరిచిన పాట, మొదటి ఉద్యోగపు గదిలో రేడియోలో విన్న పాట, వీటిలో అడుగు లెక్కకు సరిపోయింది ఒక్కటి దొరికినా అది వెయ్యి కొత్త పాటల పెట్టు. కాలప్రమాణం కాలును పట్టుకుంటుంది, జ్ఞాపకం మనిషిని పట్టుకుంటుంది. రెండూ పట్టుకున్న మనిషి మధ్యలో ఆగిపోవడం కష్టం.

నీ బలానికి సాక్ష్యాలు పాతవే. 1911లో అమెరికాలో లెనార్డ్ ఎయిర్స్ ఆరు రోజుల సైకిల్ పందేన్ని గమనించి రాశాడు. బ్యాండు వాయిస్తున్నంతసేపూ పోటీదారుల వేగం పెరిగేది, వాయించడం ఆగితే తగ్గేది. ఆ తర్వాత లండన్ బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కరాగియోర్గిస్ ఏళ్ల తరబడి ఇదే పనిగా పరిశోధించి, పాట తోడుంటే అదే శ్రమ తక్కువగా తోస్తుందని చూపించాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాక్ష్యం 1998 నాటిది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఇథియోపియా పరుగువీరుడు హైలే గెబ్రెసెలాసీ ఇండోర్ ట్రాక్ మీద 2000 మీటర్లను 4 నిమిషాల 52.86 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. స్టేడియం స్పీకర్లలో ఆయన కోరుకున్న పాట మోగుతోంది, స్కాట్‌మన్. దాని దరువుకు ఆయన పాదం కలిపాడు. ఆ పాట పాడిన జాన్ లార్కిన్ అమెరికాకు చెందిన జాజ్ పియానో కళాకారుడు. చిన్ననాటి నుంచి ఆయనకు నత్తి. మాట దగ్గర ఆగిపోయిన నాలుకే అర్థం లేని అక్షరాలను దరువు మీద జలపాతంలా కురిపించి, యాభై దాటిన వయసులో ఆయనను ప్రపంచానికి పరిచయం చేసింది. లాస్ ఏంజెలిస్ దగ్గర పుట్టిన ఒక నాలుకకు విడుదల ఇచ్చావు. ఆ విడుదలే ఎత్తైన పీఠభూమి మీద పుట్టిన ఒక పరుగువీరుడి పాదాలకు చేరింది. ఇద్దరి భాష ఒకటి కాదు, ఊరు ఒకటి కాదు. ఇద్దరి మధ్యా నడిచింది నువ్వే.

నీకూ హద్దులున్నాయి, వాటినీ గౌరవిస్తాను. ఊపిరి అందనంత వేగంలో మెదడు పాటను పక్కనపెడుతుంది. గుండె చప్పుడు, తొడల మంట, వీటి ముందు ఏ దరువూ నిలవదు. కైలాసగిరి కొండ ఎక్కేటప్పుడు బీచ్‌రోడ్డు పాట పనికిరాదు. అక్కడ అడుగు చిన్నదవుతుంది, కాలు తన లెక్క తాను వేసుకుంటుంది. బండ్లు తిరిగే రోడ్డు మీద హారన్ వినిపించడం పాటకన్నా ముఖ్యం. ఒక చెవి ఖాళీగా ఉంచాలి, లేదా చెవి రంధ్రాన్ని మూయకుండా ఎముక ద్వారా వినిపించే పరికరం పెట్టుకోవాలి. శబ్దం పెంచితే వేగం రాదు, వినికిడి పోతుంది. రికార్డుల కోసం పరుగెత్తే అథ్లెటిక్స్ పోటీల్లో చెవిలో పాట నిషిద్ధం, దాన్ని బయటి సాయంగా లెక్కిస్తారు. చెవిలో పాట ఒక మనిషికి ఎంత సాయమో ఆ నియమమే ఒప్పుకుంటోంది.

అందువల్ల నెలల తరబడి పాటతో సాధన చేసిన రన్నరు పందెం నాడు ఏమీ లేకుండా గీత దగ్గర నిలబడాలి. నిలబడగలడు. ఎన్నోసార్లు కలిసి నడిచిన కాలప్రమాణం కండరాల్లో కుదురుకుని ఉంటుంది. మృదంగం ఆగిన చోట గాయకుడు తాళం తప్పనట్టే అతను అడుగు తప్పడు.

ఇక ఈ స్తుతికి ఫలశ్రుతి.

ఎవరైతే సొంత అడుగును ప్రేమగా లెక్కపెట్టి, ఆ లెక్కకు తగిన పాటను ఓపికగా వెతికి, నెమ్మదిగా మొదలుపెట్టి నెమ్మదిగా ముగిస్తారో, వారి మోకాళ్లు చల్లగా ఉండుగాక. 150 వేసేవారికి 150 పాట, 180 వేసేవారికి 180 పాట, సగం కాలంలోనో మూడింట రెండు వంతుల కాలంలోనో తప్పక దొరుకుగాక. పక్కవాడి వేగం చూసి చిన్నబోయే మనసుకు తన కాలప్రమాణం మీద గౌరవం కలుగుగాక. మొదటి కిలోమీటరుకే ఆయాసపడి రేపు మానేద్దామనుకున్న మనిషికి రేపటి పాట ఈ రాత్రే తట్టుగాక. రోకలి పట్టిన తాతమ్మల నుంచి బూట్లు కట్టిన మనవరాళ్ల దాకా తెగకుండా వచ్చిన ఈ విద్య, పరుగెత్తే ప్రతి తెలుగు పాదానికీ ఆస్తిగా దక్కుగాక.